ఫ్రెంచి నవల, ఎల్లారెడ్డి పంచాయతీ

కామారెడ్డిలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆమె ఓ పాత ఫ్రెంచి నవల తెలుగు అనువాదం తెరిచి, అందులో వకీలు వాదించే మాటలు వల్లె వేస్తోంది. "నిరాధారమైన అభియోగం. ప్రత్యక్ష సాక్ష్యం."

"పరీక్షనా, చెల్లె?"

"పంచాయతీ, అన్నా. మా ఆయన ఎవలదో బోరు మోటరు ఎత్తుకపోయిండని ఇయ్యాల తీర్పు చెప్తరట. పెద్దమనుషుల ముంగట మామూలుగ మాట్లాడితే, ఆడదానివి కూసో అంటరు."

"అయితే నేనే పెద్దమనిషిననుకో" అన్నాను. ఇలాంటి వేషాలు నాకు సరదా. కండువా సర్దుకుని గద్దించాను. "నీ మొగడు దొంగ. ఏమంటవ్?"

బస్సంతా ఇది నిజమేననుకుని మా వైపు తిరిగింది. ఆమె పెదవులు కదిలాయి గానీ నవల్లో మాట ఒక్కటీ బయటికి రాలేదు. పుస్తకం మూసి లేచి నిలబడింది.

"ఆ రాత్రి ఆయన జరంతోని ఇంట్లనే పండుకున్నడు. మోటరు ఎత్తుకపోంగ చూసినోడు ఎవడన్న ఉంటే లేవుండ్రి."

నాకు నవ్వు రాలేదు. ఎల్లారెడ్డి బస్టాండు వచ్చింది. మీరు నమ్మరు గానీ, ఆమె దిగి కనుమరుగయ్యేదాకా ఆ బస్సులో ఎవరూ సీట్లోంచి లేవలేదు, అక్కడే దిగాల్సిన నాతో సహా.