బాలమణి పేరున్న చరణం

మీరు దొంగలు.

అవును, మిమ్మల్నే అంటున్నాను. మొన్న పెళ్లి బరాత్‌లో 'నడక చూసి చెప్పు మామా' పాటకు ఎగిరి, వీడియో తీసి, కింద 'జానపదం' అని రాసి పెట్టారే... మిమ్మల్నే. జానపదమంటే ఎవరూ రాయని పాటనా? ఆకాశంలోంచి ఊడిపడిందా? ఆ పాట కట్టిన మనిషి కాజీపల్లిలో, రేకుల ఇంట్లో, ఇంకా బతికే ఉంది. పేరు బాలమణి.

మా చిన్నప్పుడు... పటాన్‌చెరులో మా నాన్నకు రికార్డింగ్ సెంటర్ ఉండేది. చీటీ మీద పాటల పేర్లు రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లో నింపి ఇచ్చే దుకాణం. బడి నుంచి రాగానే సంచి మూలకు విసిరి, రెండు క్యాసెట్ల టేప్ ముందు కూర్చునేదాన్ని. బటన్లు నొక్కే పని నాది...

బాలమణి మందుల కంపెనీలో డబ్బాలకు లేబుళ్లు అంటించేది. షిఫ్టు దిగి, నీలం టోపీ తీసి నడుముకు దోపుకుని, బస్టాపులో పాట ఎత్తుకునేది.

ఎంత మంచి పాట అది! పెళ్లాం కోసం మొగుడు కంపెనీ గేటు దగ్గర నిలబడతాడు. బయటికి వచ్చే ఆడవాళ్లందరికీ ఒకే టోపీ, ఒకే మాస్కు... "మొకం జూస్తే ఏమెరుక, నడక చూసి చెప్పు మామా" అని ఆమె ఆటపట్టిస్తుంది. అతను పెళ్లినాటి నడక కోసం వెతుకుతాడు. పనిలో పొద్దంతా నిలబడి నిలబడి ఆమెకు ఆ నడకే పోయిందని అతనికేం తెలుసు... శ్రమ మీద నేను ఇన్నేళ్లుగా రాసిన వ్యాసాలన్నీ ఆ ఒక్క పాట ముందు దండగ.

ఇక ఆమె క్యాసెట్లు అమ్మే తెలివి చూడండి. మొగుడు వేలెత్తి ఒకామెను చూపించబోయే చోట పాట ఠక్కున ఆపేసేది.

"అయ్యో, దొర్కిందా లేదా అక్కా?" అని అందరూ మీద పడేవాళ్లు.

"ఏమో! నన్నెందుకడుగుతరు? క్యాసెట్‌నడుగుర్రి," అని టిఫిన్ సంచిలోంచి తీసేది.

ఒక చరణంలో జిన్నారం మామ, ఇంకో చరణంలో కిష్టారెడ్డిపేట మామ... ఎవరి ఊరు వాళ్లకు వినబడాలి కదా! ఆటోవాళ్లకు క్యాసెట్ ఉత్తగనే ఇచ్చేది, ఒక్క షరతు మీద: జనం దిగే చోటికి రాగానే పాట బంద్ చేయాలి. ఇవాళ ఈ మార్కెటింగ్ సంగతే నేర్చుకోవడానికి పిల్లలు కాలేజీలకు పోతున్నారు.

ప్రతి పాట చివరి చరణంలో ఆమె పేరుండేది. 'కాజీపల్లి బాలమణి కట్టిన పాట' అని.

పట్నంలో తనే పాడి చేయించి తెచ్చిన క్యాసెట్లు అమ్ముడుపోయాక, మిగిలిన ఒక్క క్యాసెట్‌ను కాపీలు తీయమని మా నాన్నకిచ్చింది. ఒక వైపు ఐదు పాటలే పడుతున్నాయి. ఆరు పట్టాలని నాన్న ఉపాయం చెప్పాడు... "కథ ఒడిసింది గద, పేరు చెప్పేకాడ ఆపెయ్ బిడ్డా."

ఆపేశాను. పాట పాటకూ... క్యాసెట్ క్యాసెట్‌కూ...

ఒకరోజు ఆమె దుకాణంలో నిలబడి విన్నది. 'టక్' అని ఆగగానే నా వైపు చూసింది.

"నా పేరేది బిడ్డా?"

నాన్నే అందుకున్నాడు. "జాగ యాడున్నది బాలమణీ? పాటైతే ఉన్నది గద!"

"లేబులు లేని డబ్బా మా గేటు దాటదు శేటూ," అన్నది. "నువ్వెట్ల దాటిస్తున్నవ్?"

మళ్లీ చేయిస్తానన్నాడు నాన్న. చేయించేలోపే ఆ అసలు క్యాసెట్ రీలు టేపులో చుట్టుకుని తెగి ముక్కలైంది. అప్పటికే మేం కోసిన పాటలు ఊరూరా తిరుగుతున్నాయి...

ఇప్పుడు ఎవరో స్టూడియోవాళ్లు డప్పులు కలిపి ఆ పాట కొత్తగా వదిలారు. విన్నాను. సరిగ్గా నా వేలు నొక్కిన చోటే ఆగింది.

ఫోన్ పట్టుకుని కాజీపల్లి ఉరికాను. బాలమణి నవ్వింది. "పోరలు హుషారున్నరే! ముందుగాల సగం పాటే ఇడిసిండ్రట గద. అచ్చం నా లెక్కనే!" ఫోన్ నా చేతిలో పెట్టి... "గని నేను ఆఖరికి పేరు చెప్తుంటి."

పాడించి రికార్డు చేశాను. చివరి చరణం దగ్గర దగ్గు తెర వచ్చింది. నీళ్లు తాగి, ఆ ఒక్క చరణం విడిగా పాడింది. రెండూ పంపిస్తే స్టూడియో కుర్రాడు ఏమన్నాడో తెలుసా? "ఆ లాస్ట్ బిట్ వేరేగా ఉంది మేడం. ఇప్పుడు అతికించింది కాదని ప్రూఫ్ ఏంది?"

మైకు ముందు గంటలకొద్దీ అరిచే నా దగ్గర... ఆధారాన్ని కోసి పారేసిన వేలు ఒక్కటే ఉంది. ఆ వేలితోనే ఇది టైపు చేస్తున్నాను. కాబట్టి పైన 'దొంగలు' అన్నప్పుడు నన్ను నేను వదిలేయలేదు.

మీ చిన్ననాటి ముచ్చట్లు తర్వాత చెబుదురు గానీ, ముందు ఇవి చేయండి:

'జానపదం' అన్న మాట తీసేయండి. 'రచన, గానం: బాలమణి, కాజీపల్లి' అని రాయండి.

ఆమె పేరున్న చరణం లేకుండా ఆ పాట మోగించకండి.

అటకల మీద వెతకండి. పసుపు అట్ట, దాని మీద నీలం టోపీ బొమ్మ... అదీ అసలు క్యాసెట్. దొరికితే టేపులో పెట్టకండి, రీలు తెగుతుంది. నాకు చెప్పండి, నేనే వస్తాను.

చివర 'టక్' అని వినిపించే క్యాసెట్ దొరికినా దాచండి. ఆ చప్పుడు నాదని ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి చెబుతాను.

జల్దీ చేయండి. నిన్న మళ్లీ పాడమన్నాను. ఆ చరణం దాకా ఆమెకు ఊపిరి అందలేదు.