సారు చెప్పకుండా పోయిన మాట

మా పశువుల డాక్టరు సారు ధర్మవరంలో పోయారని పొద్దున పాలు పిండుతుండగా ఫోన్ వచ్చింది. పిండడం ఆపలేదు. ఆవు పాలు చేపాక మధ్యలో లేవకూడదని నేర్పింది ఆయనే. బకెట్టు నిండాక లోపల పెట్టి, చీర మార్చుకుని, పెనుకొండలో బస్సెక్కాను. ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను కోడలిగా వచ్చేనాటికి ఆవు దగ్గరికి పోవాలంటే భయం. ఒకసారి మా నల్లావు ఈనలేక పడిపోయింది. దూడ కాలు అడ్డం తిరిగింది. సారు చొక్కా విప్పి కూర్చున్నారు కానీ ఆయన చెయ్యి లావు. నావైపు చూశారు.

"నీ చెయ్యి సన్నంగుండాది. రామ్మా."

"నాకు చేతకాదు సారూ."

"నాకూ పుట్టినప్పుడు చేతకాలేదు. సబ్బు పూసుకో."

మోచేతి దాకా లోపల పెట్టించి, ఎక్కడ పట్టుకోవాలో, ఎప్పుడు లాగాలో పక్కన కూర్చుని చెప్పారు. దూడ బతికింది. ఆ రోజు నుంచి మా ఊరికి వస్తే ముందు మా కొట్టంలోకే వచ్చేవారు. మనుషులను పలకరించకముందు ఆవు పేడ చూసేవారు. నెమరువేస్తున్న ఆవు ముందు గొంతుక్కూర్చుని, ఒక్క ముద్దను ఎన్నిసార్లు నములుతుందో వేళ్ళమీద లెక్కపెట్టేవారు. "పాలు పొదుగులో పుట్టవమ్మా, పొట్టలో పుడతాయి" అనేవారు. "ఆవు అబద్ధం ఆడదు. మనమే సరిగ్గా అడగం" అని ఇంకో మాట. ఆయన మాట నాకు మా నాయన మాటకంటే ఎక్కువ.

ఒక ఎండాకాలం గడ్డి దొరకలేదు. ఉన్న వేరుశనగ కట్టె, అదే కాయలు కోసిన ఎండు తీగ, కొంచెం కొంచెం వేస్తూ దాణా పెంచాను. ఆవులు చిక్కిపోతుంటే సారు ఒక ఉపాయం చెప్పారు. నూనె మిల్లులో అడుగున మిగిలే మడ్డి తెచ్చి తవుడులో కలిపి పెట్టమన్నారు. బలం వస్తుందన్నారు. నల్లావు ఇష్టంగా తిన్నది. ఎర్రావుకు ఆ వాసన గిట్టక మూతి తిప్పుకుంటే, దానికి ఉత్త తవుడే పెట్టాను.

పది రోజులకు పాల సెంటర్లో మా పాలకు ఫ్యాట్, అంటే వెన్న శాతం, పడిపోయింది. మరుసటి రోజు ఇంకా పడింది. సెంటర్ సెక్రటరీ అందరి ముందు క్యాన్ పక్కకు జరిపాడు.

"నీళ్ళు కలపలేదు, లాక్టోమీటర్ సరిగ్గానే ఉండాది. వెన్న తీసి పోస్తాండావు."

"యాడ తీస్తానన్నా? అట్లాంటి పని మా ఇంట్లో లేదు."

ఆ పొద్దు టీకాలు వేయడానికి వచ్చిన సారు అక్కడే నిలబడి ఉన్నారు. నాకు కొండంత ధైర్యం వచ్చింది. "సారూ, మీరైనా చెప్పండి. నా ఆవులు మీకు తెలీవా?" అన్నాను.

ఆయన నన్ను చూడలేదు. సంచి సర్దుకున్నారు. "పాల సంగతి సెంటరోళ్ళది. నాది వైద్యం మాత్రమే" అని బండెక్కి వెళ్ళిపోయారు.

మా పాలు నిలిపేశారు. ఇంటికి వస్తే నా మొగుడు కొట్టం గుంజను ఆనుకుని, "నిజం చెప్పు, తీసినావా?" అని అడిగాడు. పదేళ్ళు కాపురం చేసిన మనిషి.

మేతలో కొత్తది మడ్డి ఒక్కటేనని తోచి, రెండు ఆవుల పాలు రెండు గిన్నెల్లో విడివిడిగా పట్టుకుని హిందూపురం పోయాను. ఒక పాల కొట్టులో పరీక్ష చేయించాను. మడ్డి తినని ఎర్రావు పాలలో వెన్న ఎప్పటిలాగే ఉంది. నల్లావు పాలలో సగం కూడా లేదు. అక్కడి నుంచి నేరుగా ధర్మవరం, సారు ఇంటికి.

ఆయన దాచలేదు. "ఆవు పొట్టలో కంటికి కనపడని క్రిములుంటాయమ్మా. మేత అరిగించేది అవే. నూనె వాటికి పడదు, అందుకే దాన్ని గట్టి కొవ్వుగా మారుస్తాయి. గడ్డి తక్కువై దాణా ఎక్కువైతే ఆ మార్పు దారి తప్పుతాది. ఆ సగం మారిన కొవ్వు నెత్తుట్లో కలిసి పొదుగుకు చేరి, ఆడ వెన్న తయారుకాకుండా ఆపేస్తాది. పాలు తగ్గవు, వెన్న ఒకటే పోతాది. గడ్డి లేదని తెలిసీ మడ్డి పెట్టమన్నా. తప్పు నాదే."

"మరి ఆ పొద్దు ఎందుకు చెప్పలేదు సారూ?"

"గోరంట్ల దిక్కు నాలుగూళ్ళలో ఇదే చెప్పినా. నోరు తెరిస్తే అందరూ నామీదికొస్తారని భయపడినా."

"ఇప్పుడన్నా వచ్చి చెప్పండి."

"సోమవారం వస్తాలేమ్మా."

ఆ సోమవారం సెంటర్ అరుగు మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆయన రాలేదు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆ ఏడే రిటైరయ్యారు.

మడ్డి మానేసి, ఎట్లాగో కట్టె కొని మేపితే మూడు వారాల్లో వెన్న మళ్ళీ వచ్చింది. సంతోషంగా పాలు పట్టుకుపోతే సెక్రటరీ నవ్వాడు. "చూసినారా, దొరికినాక మానుకునింది" అన్నాడు. నా నిజమే నా మీద సాక్ష్యమైంది. అప్పటి నుంచి పెనుకొండలో టీ హోటళ్ళకు పాలు పోస్తున్నాను. మా ఊళ్ళో ఆవు ఈనలేకపోతే ఇప్పటికీ నన్నే పిలుస్తారు. దూడను బయటికి తీశాక కాఫీ ఇస్తారు, మర్యాద చేస్తారు. నేను వెన్న తీసి పోశాననే మాట మాత్రం వెనక్కి తీసుకోరు.

ధర్మవరంలో సారు ఇంటి ముందు చాలామంది ఉన్నారు. ఆయన ఎంత నిజాయితీపరుడో చెప్పుకుంటున్నారు. అదీ అబద్ధం కాదు. మా ఊళ్ళో ఎవరి దగ్గరా ఒక్క రూపాయి లంచం తీసుకోలేదు. సారు కాళ్ళకు మొక్కి పక్కకు వస్తుంటే వాళ్ళావిడ నా చెయ్యి పట్టుకుంది.

"మీ ఊరి మాట ఎత్తితే లేచి లోపలికి పోతాండె. ఏమైందమ్మా ఆడ?"

ఎన్నో ఏళ్ళుగా ఎవరైనా ఈ ప్రశ్న అడగాలని ఎదురుచూశాను. అంతా చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆమె కళ్ళు చూసి, "ఒక మాట చెప్పాల్సి ఉండె. చెప్పలేదమ్మా" అన్నాను. ఆమె నా చెయ్యి వదల్లేదు.

సారు పాడె ఎత్తారు. ఆడవాళ్ళం గడప దగ్గరే ఆగిపోయాం. అది మగ్గాల వీధి. పాడె ముందుకు సాగేకొద్దీ ఒక్కో ఇంట్లో మగ్గం చప్పుడు ఆగుతూ పోయింది. ఒక్క క్షణం వీధంతా నిశ్శబ్దమైంది. పాడె మలుపు తిరిగిందో లేదో, పక్కింట్లో మగ్గం మళ్ళీ మొదలైంది. తర్వాత దాని పక్క ఇంట్లో.