పసుపు రంగు తేలకముందే

టీ తాగేముందు ఓబలప్ప గాజుగ్లాసును మూడుసార్లు కడుగుతాడు. నీరు చుక్కలుగా నిలవకుండా పలచగా జారిపోయేదాకా వెలుతురులో పట్టుకుని చూస్తాడు. "దానికేమైనా బంగారం అంటిందా నాయినా?" అని కూతురు రోజూ ఎగతాళి చేస్తుంది. ఆయన నవ్వడు.

కోలారు బంగారు గనుల్లో ఒక ప్రయోగశాలలో ఆయన ఇరవై ఏడేళ్లు పనిచేశాడు. గనులు సర్కారు చేతికి వచ్చిన చాలా ఏళ్లకు, 1983లో, పేలుడుమందు పొగను కొలిచే పని ఆయనకు అప్పజెప్పారు. లోపల రాయిని పేల్చాక మిగిలే ఆ పొగ చెడ్డది. పీల్చినప్పుడు మనిషికి పెద్దగా ఏమీ తెలియదు, కొన్ని గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది.

దాన్ని కొలవడం ఓపిక పని. లోపలి గాలి లాగేసిన గాజుకుప్పెలో పొగను పీల్చుకునే రసాయనం కలిపిన నీళ్లు కొంచెం ఉంటాయి. పేల్చిన చోట దాని మూత తిప్పితే పొగ లోపలికి వచ్చేస్తుంది. పైకి తెచ్చాక మధ్యమధ్య కుదుపుతూ మర్నాటిదాకా ఉంచాలి. అప్పుడు గానీ విషం నీళ్లలో పూర్తిగా దిగదు. ఆ నీటిని ఆవిరి చేసి, మిగిలినదానికి యాసిడ్, ఆపైన అమోనియా కలిపితే పసుపు రంగు తేలుతుంది. రంగు ఎంత ముదిరితే విషం అంత.

పేల్చాక గంటసేపు ఆగి లోపలికి పోవడం పాత పద్ధతి. కొత్త ఫ్యాను బిగించాక, అరగంట చాలదా అని పైవాళ్లు అడిగారు. తేల్చవలసినవాడు ఓబలప్ప.

కుప్పెలు పైకి వచ్చిన రోజునే సొంతూరు కామసముద్రం నుంచి భార్య తాయమ్మ కబురు పంపింది. పట్టుగూళ్లు పండాయి, రెండు రోజులు దాటితే పురుగు గూడు చీల్చుకుని వచ్చేస్తుంది, ఒక్కదాని వల్ల కాదు, రమ్మని. ఓబలప్ప కుప్పెలను ఒక గంట ఉంచి పరీక్ష ముగించాడు. రంగు లేతగా వచ్చింది. అరగంట చాలని రాసి, సంతకం చేసి, బస్సెక్కాడు.

అరగంటకే లోపలికి పోవడం మొదలైన రెండో వారంలో పెద్దన్న అనే పనివాడు పడిపోయాడు. అతనిది డ్రిల్లింగు పని. ఓబలప్పది, అతనిది ఒకే వరుసలో ఇళ్లు. ప్రాణం దక్కింది గానీ నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరు ఓబలప్ప రాసిన కాగితం చూసి, గాలి బాగుంది, ఇది బీడీల రోగమని రాసేశాడు.

ఓబలప్ప మళ్లీ కుప్పెలు తెప్పించి, ఈసారి మర్నాటిదాకా ఉంచాడు. రంగు గానుగ నూనెలా ముదిరింది. కొత్త కాగితం రాశాడు. పాత గంట మళ్లీ వచ్చింది. మొదటిసారి తొందరపడ్డానని మాత్రం రాయలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఒక మధ్యాహ్నం పెద్దన్న ప్రయోగశాల గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో సంచీ నిండా మామిడిపళ్లు.

"నువ్వు కనిపెట్టబట్టి సరిపోయింది ఓబలన్నా. లేకుంటే ఇంగ ఎంతమంది నా మాదిరి అయిపోతుండ్రో. తినప్పా, మా అత్తోళ్ల తోటవి."

సంచీ అందుకోవడానికి ఓబలప్ప చెయ్యి రాలేదు. తలెత్తి చూడలేక, పెద్దన్న చెప్పుల వంక చూస్తూ ఉండిపోయాడు. పెద్దన్న పెట్టిపోయిన ఆ పళ్లు మూడు రోజులు బల్లకింద మగ్గాయి. నాలుగో రోజు ఆ సంచీతోనే పెద్దన్న ఇంటికి వెళ్లి జరిగినదంతా చెప్పాడు.

 పొయ్యి దగ్గర నుంచి పెద్దన్న భార్య గురువమ్మ లేచి వచ్చింది.

"పట్టుగూళ్లకా అన్నా? తప్పు అందరం చేస్తాం, పో. నా మొగుడు ముట్టని బీడీకి మాట పడతా ఉంటే నోరు మూసుకోనుంటివే, అదే నాకు కడుపు కాలతాండాది. మాకు చెప్పితే ఏమొస్తాది? యాడ చెప్పాల్నో ఆడ చెప్పుపో!"

ఆ సాయంత్రమే ఓబలప్ప తన తప్పు రాసి పెద్ద కెమిస్టుకు ఇచ్చాడు. గాలి పరీక్షల నుంచి ఆయన్ని తీసేసి, రాతిపొడి తూచే గదికి పంపారు. పెద్దన్న కాగితంలో బీడీలన్న మాట కొట్టేసి పొగ అని రాశారు, గని పైన తేలిక పని ఇచ్చారు. గురువమ్మ కొళాయి దగ్గర ఎదురైతే పలకరించేది. ఓబలప్పే తల వంచుకుని వేరే దారిన పోయేవాడు.

గనులు మూతపడ్డాక ఆయన ఆ ఊరు విడిచాడు. ఇప్పుడు కోలారు పట్నం పక్కన తమకలో చిన్న కూతురింట్లో ఉంటున్నాడు. పెద్దన్న బతికున్నాడో లేదో ఆయనకు తెలియదు.