చేపల ఐసు, దాలయ్య మోకాలు

జాలారిపేట దాలయ్య చెడుగుడు కూత ఎత్తుకుంటే, ఔటర్ హార్బరులో ఓడలు తమనే పిలిచారనుకుని హారన్ కొట్టేవి. నమ్మకపోతే మానెయ్యండి. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు కూడా నా మాట నమ్మలేదు. అందుకే ఆయన్ని బడిలోనే వదిలేసి వచ్చాను. ఎనభై మూడులో దాలయ్య మోకాలి సంగతి మాత్రం ఉన్నదున్నట్టే చెబుతాను.

ఆ ఏడు పోర్టు చెడుగుడు జట్టుకు ఎంపికలు. జట్టులో చోటు దొరికితే ఉద్యోగం దొరికినట్టే. ఎంపికలింకా దూరముండగానే, ఇసుకలో ఆడుతుంటే ఎవడో అతని చీలమండ పట్టాడు. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. మోకాల్లో టప్పుమంది.

మా పేటలో కాలు బెణికితే మిట్టమధ్యాహ్నం కాలే ఇసుకలో తొడదాకా పాతిపెడతారు. గురువులనే పెద్దాయన అదే చేయించాడు. సాయంత్రానికి మోకాలు గుమ్మడికాయైంది.

పెద్దాసుపత్రి డాక్టరు తల పట్టుకున్నాడు. "కొత్త దెబ్బకు వేడి పెడితే వాపు పెరగదూ? ఐసు గుడ్డలో చుట్టి పెట్టండి. లోపల లిగమెంటు సాగింది, తెగలేదు. తొడ కండ బలపడేదాకా ఆట వద్దు. ఒంటికాలి మీద గెంతి చూసుకో. రెండు కాళ్లూ ఒకే దూరం గెంతితేనే బరిలోకి దిగు."

ఐసుకేం, చేపల రేవులో కావలసినంత. దాలయ్య తల్లి అప్పాయమ్మ ఒప్పుకుంటేనా!

"సచ్చిన సేపకేసే ఐసు, బతికున్న నా కొడుకు కాలికేత్తారేట్రా?"

"సేప పాడవకుండానే కదేటత్తా ఏత్తారు?" అన్నాను.

"ముందు నీ నోట్లో ఏత్తానుండు!"

తిడుతూనే తనే కట్టింది. వాపు దిగింది. దాలయ్య రోజూ గోడకు వీపానించి, కుర్చీ లేకుండానే కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని తొడలు గట్టిపరిచాడు.

ఎంపికల రోజు మైదానం పక్కన గీత గీసి గెంతాడు. మంచి కాలికన్నా దెబ్బకాలు జానెడు వెనకే పడింది. మళ్లీ గెంతాడు. అంతే.

"ఒక్క కూతేరా," అన్నాడు గురువులు. "ఎల్లు, ఉజ్జోగం రా!"

"ఆ ఒక్క కూతలో కాలు పోతే, రేపు తెప్ప మీద ఏ కాల్తో నిలబడాల మాఁవా?"

తనే వెళ్లి పేరు తీయించుకున్నాడు. ఇంటికొచ్చే దారిలో నేనెన్ని కోతలు కోసినా నవ్వలేదు.

మరుసటేడు కాళ్లు రెండూ సమంగా గెంతాయి. పోర్టువాళ్లకు మాత్రం అప్పటికి అతనికన్నా చిన్నవాళ్లు కావలసి వచ్చారు. దాలయ్య చేపల వేటకే పోయాడు. అల మీద తెప్ప ఎగిరినప్పుడు మోకాళ్లు వంచి నిలబడతాడు. ఆ మోకాలు ఇంతవరకూ జారలేదు.