చీటీల ఐజెన్

తాతుంగ్ స్టేషన్ గేటుకి ఎడమ పక్కన నా వేడినీళ్ల పొయ్యి ఇరవై ఆరేళ్లు మండింది. టీ ఆకు వేసి ఉడికించిన గుడ్లు కూడా అమ్మేదాన్ని. ఆ పొయ్యి పక్కనే మూడేళ్లు పీట వేసుకుని కూర్చున్న మనిషి దూ ఐజెన్. మాది ఒకే వాకిలి, ఆరు కుటుంబాలకి ఒకే కొళాయి. ఆ వాకిట్లో పెద్ద బడి పూర్తి చేసిన ఆడది ఆమె ఒక్కతే. నేను మూడు చలికాలాలు బడికి వెళ్లాను, అంతే. ఆ తేడా ఆమె ఏనాడూ నోటితో అనలేదు. కొళాయి కింద బకెట్టు పెట్టే తీరులోనే అనేది.

బొగ్గు యంత్రాల ఫ్యాక్టరీ వాళ్లు ఆమెని, ఇంకో నాలుగు వందల మందిని ఒకే రోజు ఇంటికి పంపేశారు. మిగతా ఆడవాళ్లు కూరగాయలు అమ్ముకున్నారు, స్వెట్టర్లు అల్లుకున్నారు. ఈమె మాత్రం నలభై ఒకటో ఏట టేపురికార్డరు కొని ఇంగ్లీషు క్యాసెట్లు పెట్టింది. తెల్లారకముందే గోడ అవతలి నుంచి ఆ దొరసాని గొంతు, వెనకే ఈమె గొంతు. గనిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఆమె మొగుడు దుప్పట్లోంచి అరిచేవాడు.

"ఏమే, ఆ దొరసాని పీకకి ఏదైనా అడ్డం పెట్టు, లేదంటే నీ పీకకి పెడతా!"

వాకిలంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వు వస్తే ఆపుకునే అలవాటు నాకు లేదు.

అయితే ఆమెకి బుర్ర ఉంది, అది ఒప్పుకోవాలి. గుహల్లో బుద్ధుడి బొమ్మలు చూడటానికి పెకింగ్ రైల్లో విదేశీయులు దిగేవాళ్లు. దిగీ దిగగానే తప్పిపోయిన గొర్రెల్లా నిలబడేవాళ్లు. వాళ్ల మాట మనకి రాదు, మన రాత వాళ్లకి రాదు. ఐజెన్ సిగరెట్టు పెట్టెల అట్టలు కత్తిరించి, తెల్లటి వైపు మన రాత, అంచున వాళ్ల రాత రాసి పెట్టుకుంది. చీటీ ఒక్క యువాను. "నన్ను గుహల దగ్గరికి తీసుకెళ్లండి, దారిలో మీ బావమరిది దుకాణం దగ్గర ఆపకండి." "మరుగుదొడ్డి ఎక్కడ? కాగితం నా దగ్గర ఉంది." "విదేశీయుల్ని ఉంచుకోవడానికి మీ లాడ్జికి అనుమతి ఉందా?" "ఫొటో తీసుకోండి, నా జుట్టు మాత్రం లాగొద్దు." ఇలాంటివి అరవై రెండు రకాలు. చీటీ ఇచ్చాక వేలెత్తి జాగ్రత్తలు కూడా చెప్పేది: పచ్చి నీళ్లు తాగొద్దు, గేటు ముందు నీ చెయ్యి పట్టుకుని లాగే వాడి బండి ఎక్కొద్దు, పాస్‌పోర్టు లోపలి జేబులో పెట్టుకో. బండ్లవాళ్లకి ఆమె అంటే ఒళ్లు మంట. మూటలు మోసే తియాన్ ఆమె వెనక నిలబడి వేలెత్తి, మూతి తిప్పి, "హలో హలో" అంటూ కోడిలా నడిచేవాడు.

ఆమె పీట వేసిన మూడో ఏడు, వసంతంలో స్టేషన్ లోపల విదేశీ అతిథుల కోసం అద్దాల కిటికీ ఒకటి కట్టారు. లోపల కుర్చీ, హీటరు, నెలకి జీతం. పర్యాటక ఆఫీసు నుంచి ఫూ అనే అధికారి వచ్చి ఐజెన్ చీటీలన్నీ తిరగేశాడు.

"మే ఒకటో తేదీ దాకా నీ మీద ఒక్క ఫిర్యాదు రాకూడదు. రాకపోతే ఆ కుర్చీ నీదే" అన్నాడు.

ఆ రోజు నుంచి ఐజెన్ ఆ కిటికీ తప్ప మరొకటి చూడలేదు. బూడిద రంగు కోటు కుట్టించుకుంది. మధ్యాహ్నం పూట లోపలికి వెళ్లి ఆ అద్దం మీద బొగ్గు దుమ్ము తన చేతిరుమాలుతో తుడిచి వచ్చేది. "ఇంకా నీది కాలేదే తల్లీ" అంటే, "అవుతుంది వదినా" అనేది, పుట్టబోయే బిడ్డ గురించి చెబుతున్నట్టు.

ఏప్రిల్ ఆఖర్లో ఒక పొద్దున పొడుగాటి విదేశీ ఆడమనిషి ఒకతె దిగింది. ఆమెకి కావలసిన చీటీ అరవై రెండింటిలో లేదు. ఆ మనిషే ఐజెన్ సంచిలోంచి వేరుశనగ గింజ తీసి చూపించి, రెండు చేతులతో పీక పట్టుకుని, నాలుక బయటపెట్టి, కళ్లు తేలేసింది. తియాన్ పడీ పడీ నవ్వాడు. తనూ పీక పట్టుకుని నేల మీద దొర్లాడు. ఆ ఆడమనిషి కూడా నవ్వింది పాపం.

"వేరుశనగ తింటే చచ్చిపోతుందట వదినా" అంది ఐజెన్, కలం తీస్తూ.

"గింజ తింటే చస్తారా? వాళ్ల చాదస్తం కాకపోతే!"

"అదే రాయమంటోంది."

రాసింది. పొయ్యి మీదుగా వంగి చూశాను. మా రాతలో మాటకొక అక్షరం, నాకు వచ్చిన వాటిలో ఆ చావు అక్షరం ఒకటి.

"నీకు మతి పోయిందా?" అన్నాను. "ఇంకా బోణీ కాలేదు, నా పొయ్యి పక్కన కూర్చుని చావు మాట రాస్తావా? దాన్ని తీసుకెళ్లి అన్నం పెట్టేవాడి చేతిలో పెడుతుందా ఈమె? మొహాన నీళ్లు చల్లి తరుముతాడు. అప్పుడు వస్తుంది నీ ఫిర్యాదు."

ఫిర్యాదు అన్న మాటకి ఆమె చెయ్యి ఆగింది. కాసేపు అట్టని అటూ ఇటూ తిప్పింది. తర్వాత దాన్ని చింపి నా పొయ్యిలో వేసి, ఇంకోటి రాసింది: "ఈ అతిథికి వేరుశనగ అంతగా ఇష్టం ఉండదు. దయచేసి వేయకండి." చక్కటి దస్తూరి, మర్యాదైన మాట. విదేశీ మనిషి ఆ అట్టని రెండు చేతులా అందుకుని గుండెకి ఆనించుకుంది. ఈసారి అంచున వాళ్ల రాత లేదు, ఏం రాసి ఉందో ఆమెకేం తెలుసు.

గుహలు చూసి మధ్యాహ్నానికి తిరిగి వచ్చి, గేటు ఎదురుగా లావు శాంగ్ నూడుల్స్ దుకాణంలో కూర్చుంది. శాంగ్ చీటీ చదివాడు. గిన్నె మీద చల్లి ఉన్న వేరుశనగ పొడిని గరిటెతో పైపైన తీసేశాడు. ఇష్టం లేదన్నారు, తీసేశాం, ఎవరైనా అంతే చేస్తారు. నాలుగు ముద్దలు తిందో లేదో, ఆమె లేచి రెండు చేతులతో పీక పట్టుకుంది.

అక్కడే సూప్ తాగుతున్న తియాన్ చప్పట్లు కొట్టాడు. "పొద్దున చేసిన ఆటే మళ్లీ చేస్తోంది చూడండ్రా!" దుకాణం దుకాణమంతా నవ్వింది. ఒకడు తనూ పీక పట్టుకుని నాలుక బయటపెట్టాడు. ఆమె బల్ల మీద పడి, గిన్నె పగిలి, మొహం ఉబ్బి వంకాయలా అయ్యేదాకా నవ్వుతూనే ఉన్నారు.

ఐజెన్ రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తింది. ఆ పొడుగు మనిషిని బండిలో వేయించింది, తనూ ఎక్కింది, ఆస్పత్రిలో డాక్టరు చొక్కా పట్టుకుని వేరుశనగ, వేరుశనగ అని అరిచింది. సూది వేశారు. బతికింది. ఇంకాస్త ఆలస్యమైతే పోయేదని డాక్టరే అన్నాడట.

సాయంత్రం ఫూ అధికారి, స్టేషన్ పోలీసు నా పొయ్యి దగ్గరికి వచ్చారు. శాంగ్ ఆ చీటీ పట్టుకుని వాళ్ల వెనకే వచ్చాడు.

"ఇది నీ రాతేనా?" అన్నాడు ఫూ.

"నాదే."

"ఆమె నీకేం చెప్పింది?"

"తింటే చచ్చిపోతానంది."

"నువ్వేం రాశావు?"

ఐజెన్ నోరు తెరిచేలోపే శాంగ్ చీటీ ఎత్తి పట్టాడు.

"ఇష్టం ఉండదట! అయ్యా, చూశారా?" అన్నాడు శాంగ్. "నాకు మాత్రం ఏం ఇష్టం? మా అత్తగారంటే ఇష్టం లేదు, అయినా చావలేదే!"

"ఇలా రాయమని ఎవరైనా చెప్పారా?" అన్నాడు ఫూ.

ఆమె నా వైపు చూసింది. నేను గుడ్డు పెంకు ఒలుస్తున్నాను. ఒలుస్తూనే ఉన్నాను. నా గేటు పక్క చోటు కూడా ఆ ఫూ సంతకం మీదే ఉంది మరి. మూడు చలికాలాలు చదివిన నాలాంటిదాని మాట విని రాశానని పదిమందిలో చెప్పడం కంటే ఆమెకి తప్పు మీద వేసుకోవడమే నయమనిపించి ఉంటుంది.

"ఎవరూ చెప్పలేదు. నేనే" అంది.

మర్నాటి నుంచి ఆమె స్టేషన్ ముందు కనిపించకూడదన్నారు. మే ఒకటికి ఇంకా నాలుగు రోజులున్నాయి. అరవై రెండు చీటీలూ ఆఫీసు వాళ్లు పట్టుకెళ్లారు. తర్వాత అవే అచ్చు వేయించి కిటికీలో రెండు యువాన్లకి అమ్మారు, ఆమె పేరు లేకుండా.

రెండు రోజులకి ఆ పొడుగు మనిషి ఆస్పత్రి నుంచి నేరుగా నా పొయ్యి దగ్గరికి వచ్చి, ఖాళీ పీట చూసి, ఒక ఉత్తరం నా చేతిలో పెట్టి రైలెక్కింది. ఇంటికి తెచ్చి ఐజెన్‌కి ఇచ్చాను. చదువుతుంటే ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"నేనే బతికించానని రాసింది వదినా. నాకు ఆ పని ఇవ్వమని ఆఫీసుకి రాసింది."

వెంటనే కోటు వేసుకుంది. నేనూ వెంట వెళ్లాను, ఏమవుతుందో చూద్దామని. ఆఫీసులో ఆరుగురు టీ తాగుతున్నారు. ఫూ ఉత్తరాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.

"ఏం రాసి ఉంది?"

"నా తప్పు పెద్దది కాదని. నేను ప్రాణం కాపాడానని."

"ఎవరు చెప్పారు అలా ఉందని?"

"నేను చదివాను."

"ఓహో! నీ గురించి నువ్వే చదివి, నువ్వే చెబుతున్నావన్నమాట" అన్నాడు ఫూ. "చచ్చిపోతానంటే ఇష్టం లేదని రాసినదానివి. ఇందులో నిన్ను తిట్టి ఉంటే, పొగిడిందని చెప్పవని ఏమిటి నమ్మకం?"

ఆరుగురూ నవ్వారు. ఒకడికి టీ ముక్కులోకి పోయింది. తాతుంగ్ మొత్తంలో ఆ ఉత్తరం చదవగలిగిన వాళ్లు ఆ ఆఫీసుకి తెలిసి ఎవరూ లేరు. ఆమె ఒక్కతే. ఆమె చదివితే చెల్లదు.

"అక్కడ పెట్టి వెళ్లు" అన్నాడు ఫూ.

పెట్టింది. మెట్ల మీద నేనే ఆపుకోలేక అడిగాను: "నిజం చెప్పు ఐజెన్, అందులో అలాగే ఉందా?"

ఆమె ఆగి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ వారమే టేపురికార్డరు అమ్మేసి, ఊరికి దూరంగా ఉన్న గని భోజనశాలలో బంగాళదుంపలు చెక్కే పనికి వెళ్లిపోయింది. ఇంగ్లీషు ఆమె నోట మళ్లీ ఎవరూ వినలేదు.

మే నెలలో కిటికీలో కొత్త పిల్ల కూర్చుంది. తాయ్‌యువాన్ నగరంలో కాలేజీ చదివింది, మంచిపిల్లే, నా దగ్గరే వేడినీళ్లు పట్టుకునేది. పనిలో చేరిన రోజు, ఇంగ్లీషు వచ్చో రాదో చూద్దామని ఫూ ఆమె చేతికి ఒక కాగితం ఇచ్చాడట. ఆ ఉత్తరమే. ఐజెన్ చెప్పింది చెప్పినట్టు, పొల్లు పోకుండా అదే ఉందట అందులో.

"మరి ఫూ ఏమన్నాడే?" అని అడిగాను.

"బాగా చదివావన్నారు పెద్దమ్మా. ఫైల్లో పెట్టమన్నారు."

ఐజెన్ సెలవుకి ఇంటికి రెండుసార్లు వచ్చింది. కొళాయి దగ్గర పక్కపక్కనే బకెట్లు నింపుకున్నాం. ఆమె వేళ్ల మీద కత్తి గాట్లు, గోళ్లలో దుంపల మట్టి. ఉత్తరం సంగతి ఆమెతో ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్పి ఏం చేయాలి? ఆ కుర్చీలో అప్పటికే ఆ పిల్ల కూర్చుంది.