పత్తికాయ బొమ్మ స్టాంపులు

చెబితే, ఓస్ ఇంతేనా అంటారేమో. ఆరేళ్లుగా నేను మోస్తున్నది కొన్ని పాత స్టాంపుల బరువు. ఏ పూజా దాన్ని దించలేదు. ఏడుపు కూడా రాదు. వస్తే బాగుండును. అన్నం తింటున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు అది అలా ఉంటుంది, అంతే.

మాది నరసరావుపేట. రాజ్యం మా ఆయన చెల్లెలు. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆమెకు పెళ్లి కుదిరింది. శుభలేఖలు అచ్చయ్యాయి. మామయ్య పోస్టాఫీసుకు వెళ్లి షీట్ల కొద్దీ స్టాంపులు తెచ్చారు, పత్తికాయ బొమ్మవి. కవర్ల అంచులకు పసుపు రాయడమే మిగిలింది. అంతలో పెళ్లికొడుకు ఊళ్లో పంచాయతీ ఎన్నికల గొడవ. తలలు పగిలాయి, కేసులయ్యాయి. వాళ్లదొక పార్టీ, మా వాళ్లది ఇంకొకటి. గొడవలు సద్దుమణిగాక చేద్దామన్నారు. సద్దుమణిగేసరికి ఆ అబ్బాయి వేరే పిల్లను చేసుకున్నాడు.

శుభలేఖల మీద తేదీ ఉంది కాబట్టి అవి పొయ్యిలోకి పోయాయి. స్టాంపుల మీద తేదీ ఉండదు. వాడనివి ఎన్నేళ్లకైనా చెల్లుతాయని మామయ్య అన్నారు. రాజ్యం వాటిని మైనం కాగితంలో చుట్టి బీరువాలో తన పట్టుచీర కింద పెట్టుకుంది. తర్వాత వచ్చిన సంబంధాలు ఏదో ఒక వంకతో పోయాయి. వయసూ పోయింది. అయినా ఏటా వానలు వెనకపట్టగానే ఆ స్టాంపులు తీసి, గాలికి ఆరబెట్టి, మళ్లీ చుట్టి పెట్టేది. దేనికే అవి, మ్యూజియానికా అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆమె కూడా నవ్వేది.

నా కూతురికి ఇరవై ఎనిమిది వచ్చినా సంబంధం కుదరలేదు. చూసి వెళ్లిన వాళ్లు మళ్లీ ఫోన్ చేయరు. అప్పుడు మా అమ్మ వచ్చి, ఆగిపోయిన పెళ్లి సరుకు బీరువాలో పెట్టుకుని కూర్చుంటే ఇంకో పెళ్లి ఎలా జరుగుతుందని అడిగింది. నేను డిగ్రీ చదివినదాన్ని. కొట్టిపారేశాను. కానీ ఆ మాట పోలేదు. రోజూ బీరువా దగ్గరికి వెళ్లినప్పుడల్లా గుర్తొచ్చేది.

ఆ ఏడే మామయ్య పోయారు. ఫోన్లో పంపితే మర్యాద కాదని పెద్దలు పట్టుబట్టి పెద్దకర్మకు కార్డులు కొట్టించారు. శావల్యాపురం వైపు, అచ్చంపేట వైపు, కృష్ణ అవతల కూడా బంధువులున్నారు. మా వైపు చావు కార్డును ఎవరూ ఇంట్లో ఉంచుకోరు. గడప దగ్గరే చదివి చింపేస్తారు. నాకు ఆ సంగతి తెలుసు. తెలుసు కాబట్టే, రాజ్యం స్నానానికి వెళ్లినప్పుడు బీరువా తీశాను.

రాజ్యం కాక ఇంకెవరైనా అడిగితే చెప్పడానికి కారణం సిద్ధంగా పెట్టుకున్నాను. టైమ్ లేదు, ఇంట్లో ఉన్నవి ఊరికే పాడైపోతున్నాయి. ఎవరూ అడగలేదు. స్టాంపుల జిగురు చచ్చిపోయింది. మైదా ఉడికించాను. పాత ధరవి కదా, కవరుకు వరసగా బోలెడు అంటిస్తే గాని సరిపోవు, అడ్రసుకు చోటు మిగలదు. నేనే అంటించుకోవచ్చు. రాజ్యం ముందు ఎందుకు పెట్టాను? అదీ నాకు తెలుసు. ఆ పీడ పూర్తిగా పోవాలంటే ఆమె చేతుల మీదుగానే పోవాలనుకున్నాను.

రాజ్యం ఒకటి చేతిలోకి తీసుకుని చూసింది.

"ఏంది వదినా, పాతవిగా ఉన్నయ్యే?"

"పోస్టాఫీసులో అయ్యే ఇచ్చారు."

"పత్తికాయయి ఇంకా అమ్ముతున్నారా?"

"అమ్మబట్టేగా తెచ్చింది. ఊరికే అడగమాక, అంటించు. టైమ్ లేదు."

ఆమె అంటించింది. వంకర లేకుండా, అంచుకు అంచు కలిపి, పెళ్లి కవర్లకు అంటించినట్టు. సగం అయ్యాక తల ఎత్తకుండానే అడిగింది.

"ఇయ్యి చదివి చించేస్తారు గదా వదినా?"

"చించేస్తారు. చావు కార్డు ఎవరుంచుకుంటారు?"

"అంతేలే," అన్నది. మైదా గిన్నె ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది. ఒక్కటి కూడా మిగల్చకుండా అంటించింది.

బీరువాలో చూసుకుందో లేదో నాకు తెలియదు. చూసుకోవలసిన అవసరం లేదనుకుంటాను. ఏడాది తిరక్కుండా నా కూతురికి మంచి సంబంధం కుదిరింది. దానివల్లే కుదిరిందా? కాదని నా చదువు చెబుతుంది. అవునేమోనని నా కడుపు చెబుతుంది. రాజ్యం తన పట్టుచీర తీసి, మడత కూడా విప్పకుండా, పెళ్లిలో నా కూతురి చేతిలో పెట్టింది. అందరూ మేనత్త అంటే అలా ఉండాలన్నారు. నేనూ అన్నాను. అప్పుడైనా నాకు సిగ్గు రావలసింది. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూడమని వంటవాళ్లకు కేకేశాను.

ఇప్పుడు వానలు వెళ్లాక ఆమె ఆరబెట్టడానికి ఏమీ లేదు. ఆ రోజుల్లో వసారాలో ఊరికే కూర్చుంటుంది. నేను అటు వెళ్లను.

ఆమె ఇప్పుడు పక్క గదిలోనే ఉంది. వెళ్లి చెప్పొచ్చు. చెబితే కోప్పడదు. తెలుసులే వదినా అంటుంది. ఆ మాట వినే ధైర్యం నాకు లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

అసలుది ఇంకొకటి ఉంది. మళ్లీ ఆ రోజే వచ్చి, నా కూతురు పెళ్లికాకుండా ఇంట్లో ఉంటే ఏం చేస్తావని అడుగుతారేమో. రాజ్యం స్నానానికి వెళ్లేదాకా ఆగుతాను. బీరువా తీస్తాను. ఈ మాట దేవుడి ముందు కూడా అనలేదు. ఇప్పుడు అన్నాను.