సంచిలో మిగిలిన నాలుగు ముక్కలు

చంద్రగిరి పక్కన ఒక పల్లె నుంచి సిద్ధమ్మ తిరుపతికి కట్టుబడి పనులకు రావడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. మొదటి పదేళ్లూ నెత్తిన కాంక్రీటు బొచ్చెలు మోసింది. తర్వాత పెద్ద కట్టడాలకు పంపులొచ్చాయి. లారీలోనే కలిపిన కాంక్రీటు గొట్టంలోంచి నేరుగా మూడో అంతస్తుకు ఎక్కుతుంటే, బొచ్చెలు మోసేవాళ్లకు పని లేకుండా పోయింది. ఒకనాడు కాంట్రాక్టరు పన్నెండు మంది ఆడవాళ్లను రేపటి నుంచి రావద్దన్నాడు. మిగతావాళ్లు ఏడుస్తూనో తిడుతూనో వెళ్లిపోయారు. సిద్ధమ్మ మాత్రం అన్నం క్యారియరు పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయింది.

కాంక్రీటు పోయడానికి చెక్కలు కట్టించే సెంట్రింగ్ మేస్త్రీ జయరావు అటుగా పోతూ ఆమెను చూశాడు.

“రంపం పట్టను వస్తాదా నీకు?” అని అడిగాడు.

“పట్టుకుంటే వస్తాదిలే మేస్త్రీ.”

మరునాడే ఆయన ఆమెకో రంపం, కొన్ని ప్లాస్టిక్ పైపులు ఇచ్చి కూర్చోబెట్టాడు. కాంక్రీటు గోడ పోయాలంటే రెండు వైపులా చెక్కలు నిలబెట్టాలి. వాటి నడుమ అక్కడక్కడా ఈ పైపు ముక్కలు పెట్టి, వాటిలోంచి ఇనుప కడ్డీలు దూర్చి, బయట రెండు పక్కలా పెద్ద నట్లు బిగిస్తారు. చెక్కలు లోపలికి వాలకుండా పైపు ముక్క ఆపుతుంది. కాంక్రీటు బరువుకు బయటికి తన్నుకుపోకుండా కడ్డీ పట్టి ఉంచుతుంది. గోడ గట్టిపడ్డాక కడ్డీలు లాగేసి బొక్కలు పూడుస్తారు. తర్వాత ఆ గోడను చూసినవాళ్లకు ఆ కడ్డీల సంగతే తెలియదు.

“ముక్క పొట్టిదైతే గోడ సన్నమవుతాది, పొడుగైతే లావవుతాది,” అని చెప్పాడు జయరావు. “ఎన్ని కావాల్నో అన్నే కొయ్యి. ఒకటి కూడా ఎక్కువ కొయ్యాకు. పని అయినాక సంచిలో ముక్క మిగిలిందంటే గోడలో యాడో ఒకటి తక్కువుండాదని అర్థం.”

ఏడాది తిరిగేసరికి సిద్ధమ్మ కడ్డీలకు నూనె రాయడం, నట్లు బిగించడం కూడా నేర్చుకుంది. నట్టు మీద సుత్తితో తట్టి, ఆ చప్పుడును బట్టి అది బిగిసిందో లేదో చెప్పగలిగేది. చూపు మందగించి జయరావు పని మాని సూళ్లూరుపేట వెళ్లిపోయాక, ఆ పనంతా ఆమె చేతి మీదే నడిచింది.

పోయిన ఆషాఢంలో తిరుపతిలో ఒక లాడ్జికి నేల కింది గోడ పోస్తున్నారు. పదడుగుల ఎత్తు. దానికోసం సిద్ధమ్మ తొంభై ఆరు ముక్కలు కోసింది. గోడ పోయడానికి ముందురోజు జ్వరమొచ్చి పనికి రాలేదు. ఆ రోజే మిగతావాళ్లు ఒక మూలన చెక్కలు మూసేశారు. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే సంచిలో నాలుగు ముక్కలు ఉన్నాయి.

ఆమె సంచితో సహా ఇంజనీరు మునిప్రసాద్ దగ్గరికి వెళ్లింది.

“సార్, నాలుగు మిగిలుండాయి.”

“ఎక్కువ కోసుంటావులే సిద్ధమ్మా.”

“నేను ఎక్కువ కొయ్యను సార్. యాడనో కడ్డీలు పెట్టలేదు. కొంచేపు ఆపండి, సూసొస్తాను.”

రెండు లారీలు అప్పటికే వచ్చి ఉన్నాయి. ఇంకా ఆలస్యమైతే కాంక్రీటు పనికిరాకుండా పోతుంది. మునిప్రసాద్ చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నాడంతే. “ఆ చివర నుంచి మొదలుపెట్టిస్తాను. ఈలోగా నువ్వు పోయి చూడు,” అన్నాడు.

పంపు మొదలైంది. ఎక్కడ తప్పిందో తెలియక సిద్ధమ్మ గోడ వెంబడి వంగి నడుస్తూ ఒక్కొక్క నట్టునే తట్టుకుంటూ పోయింది. లిఫ్టు గుంత పక్కనున్న మూలకు చేరడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. అక్కడ గోడలోనే ఉండిపోయే కమ్మీలు దట్టంగా ఉండి, చెక్కలను పట్టే కడ్డీలు దూరలేదు. చెక్కలు మూసినవాళ్లు కింది వరసలో నాలుగు చోట్ల కడ్డీ మానేసి, కమ్మీలు కట్టే సన్న తీగతో బిగించి వదిలేశారు. అప్పటికే కాంక్రీటు ఆ మూలలో ఐదడుగులు లేచింది. చెక్కల సందులోంచి సిమెంటు పాలు కారుతున్నాయి. చెయ్యి పెడితే చెక్క బయటికి పొంగి ఉంది.

ఆ చెక్కకూ మట్టిగట్టుకూ నడుమ, ఒక్క మనిషి మాత్రమే పట్టే సందులో సెంట్రింగ్ కూలీ ప్రేమానందం కూర్చుని, చెక్కకు ఊతంగా ఆనించిన ఇనుప పైపులను బిగిస్తున్నాడు.

“ప్రేమానందం! బయటికి రాప్పా, బిన్నా రా!”

“ఇదొక్కటి బిగిచ్చి వస్తానక్కా.”

“బిగిచ్చద్దు! అట్నే వదిలేసి రా!”

ఆమె గొంతు విని అతను స్పానరు అక్కడే పడేసి పాకుతూ వచ్చాడు. సిద్ధమ్మ అతని చొక్కా పట్టి ఇవతలికి లాగింది. “పంపు ఆపండి!” అని పైకి అరిచింది. తీగలు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. చెక్క ఊడి మట్టిగట్టుకు కొట్టుకుంది. ప్రేమానందం కూర్చున్న సందు ఛాతీ లోతున కాంక్రీటుతో నిండిపోయింది.

ప్రేమానందం నేల మీద కూలబడ్డాడు. మునిప్రసాద్ పరుగెత్తుకొచ్చి ఆ సందు చూశాడు, సిద్ధమ్మను చూశాడు. “నీ మాట వినుంటే సరిపోయేది అక్కా. తప్పు నాది,” అన్నాడు అందరూ వింటుండగానే. అప్పటిదాకా అతను ఆమెను అక్కా అని పిలిచింది లేదు. కారినదంతా తీసేసి, కమ్మీలు కాస్త జరిపి ఆ నాలుగు కడ్డీలూ పెట్టి, మూడో రోజు ఆ మూల పోశారు. పంపు వేసేముందు మునిప్రసాద్ తనిఖీ కాగితం మీద తన సంతకం కింద ఆమె చేత కూడా సంతకం పెట్టించాడు.

ఆ ఆదివారం ప్రేమానందం భార్య పంకజాక్షి సిద్ధమ్మ ఇంటికి వచ్చింది. ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

“నాకెందుకమ్మా దండం? నాకీ పని నేర్పిన మనిషి వేరే ఉండాడు,” అంది సిద్ధమ్మ.

మరునాడు సెలవు పెట్టి సూళ్లూరుపేట బస్సెక్కింది. జయరావు వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. గొంతును బట్టి గుర్తుపట్టాడు. జరిగిందంతా చెబుతుంటే చెవి ఒగ్గి విన్నాడు.

“మనిషికేమీ కాలేదు గదా?”

“గీత గూడా పడలేదు మేస్త్రీ. ఆ పొద్దు నువ్వు పిలిచి పని ఇయ్యకుంటే నేనూ లేను, ఆయప్పా లేడు. ఆ మాట నీకు చెప్పుకోవాలనే వచ్చినాను.”

మంచినీళ్లు తెచ్చిన ఆయన భార్య తిరుమలమ్మ నవ్వింది. “పని ఊరికే ఇచ్చినాడనుకున్నావా? నిన్ను అడిగిన పొద్దే, సెంట్రింగులో ఆడమనిషేందని కాంట్రాక్టరు ఒప్పుకోలేదు. ఆయమ్మ లేకుంటే నా మనుషులెవ్వరూ రారు పొమ్మని ఈయన రంపం ఆడ పడేసి ఇంటికొచ్చేసినాడు. సాయంత్రం కాంట్రాక్టరే వచ్చి పిల్చుకోనిపోయినాడు.”

పన్నెండేళ్లుగా సిద్ధమ్మకు ఈ సంగతి తెలియదు. “నాకెందుకు చెప్పలేదన్నా?” అంది. ఆయన్ను మేస్త్రీ అనకుండా అన్నా అనడం అదే మొదలు.

“చెప్తే నా రుణం తీర్చను పని చేస్తావు. నీకోసం చెయ్యాల గదా,” అన్నాడు జయరావు.

తిరుమలమ్మ ఆమెకు అన్నం పెట్టింది. సాయంత్రం జయరావు కర్ర పట్టుకుని, వద్దన్నా వినకుండా, బస్టాండు దాకా వచ్చాడు. సిద్ధమ్మకు కిటికీ పక్కన సీటు దొరికిందని కండక్టరును అడిగి తెలుసుకున్నాకే వెనక్కి తిరిగాడు.